వేషమే వ్రతమైన నటుడు: చిత్తూరు నాగయ్యగారు

భాగ్యనగరమునుండి భద్రాచల యాత్రకు బయలుదేరు భక్తులు మలకుపేట మీదుగా దిల్‌సుఖ్‌నగరు, కొత్తపేట, లాల్ బహదూర్ నగరు పేటలను గడచి, సూర్యాపేట మార్గమున తూర్పునకు సాగుదురు. త్రోవలో కొత్తపేటయందలి అష్టలక్ష్మీ దేవాలయమును సేవించువారును, కర్మన్‌ఘాటు ఆంజనేయస్వామికి మ్రొక్కుకొని కదలువారును పెక్కురు. నగరమునకు పడమట గోలకొండ కోట కలదు. తానీషా ప్రభువు కంచెర్ల గోపన్నగారిని బంధించిన చెరసాల యని ఆ కోటయందు ఒక చీకటిగదిని చూపుదురు. తూర్పున, గోదావరీతీరమున, అదే గోపన్నగారు కట్టించిన శ్రీరామాలయము కలదు. చెరసాలకును కోవెలకును నడుమనున్న బాటపై ఈ పేటలు వెలసినవి.

ఇచ్చటి వృద్ధ గృహస్థులను రామదాసుగారి రూపమెట్టిదని అడిగినచో, వారికి మనస్సున ఒక ముఖము మెదలును. విశాలమైన నుదురు, కరుణ నిండిన చూపు, శ్రీరాముని పిలుచునపుడు గద్గదమగు కంఠము. ఆ ముఖము మూడువందల యేండ్ల క్రిందటి గోపన్నగారిది కాదు, చిత్తూరు వి. నాగయ్యగారిది. 2006లో వెలువడిన శ్రీరామదాసు చిత్రమును చూచిన పిన్నవారికి వేఱొక రూపము తోచవచ్చును. కాని పూర్వతరమువారికి పోతన యనినను, త్యాగయ్య యనినను, వేమన యనినను, రామదాసు యనినను కనబడునది ఈ యొక్కరే.

దేవాలయ పత్రికయందు చలనచిత్ర నటుని చరిత్రకు తావెట్లని కొందఱు శంకింపవచ్చును. సంప్రదాయమెఱిగినవారికి ఈ శంక నిలువదు. శ్రీరంగమున అరైయర్లు ఆళ్వారుల పాశురములను పాడుటయే కాక అభినయించియు స్వామిని సేవింతురు. కులశేఖరాళ్వారు శ్రీమద్రామాయణమును వినుచు, పదునాలుగువేల రాక్షసులు ఒంటరియైన శ్రీరామునిపైకి వచ్చిన ఘట్టమున, తాను వినుచున్నది కథ యను మాట మఱచి సేనను సన్నద్ధము చేసెనని గురుపరంపరా చరిత్రములు చెప్పుచున్నవి. తెలుగునాట కూచిపూడి భాగవతులు తరతరములుగా వేషములు ధరించియే హరికథను ఊరూరికి చేర్చిరి. వేషముద్వారా భగవత్కథ జనుల హృదయమున ప్రవేశించుట క్రొత్త విషయము కాదు. చూచినవారు తరించిరి, మఱి ఆ వేషమును ధరించినవానిని ఆ వేషమేమి చేయును? నాగయ్యగారి జీవితమున చింతింపదగిన విషయమిదియే.

జననము, తొలి దినములు

నాగయ్యగారు 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన నాటి గుంటూరు మండలమునందలి రేపల్లెలో జన్మించిరి. ఆ రేపల్లె నేడు బాపట్ల జిల్లాలో చేరినది. ఇంటిపేరు వుప్పలదడియము. తండ్రిగారు రామలింగేశ్వర శర్మగారు, తల్లిగారు వేంకటలక్ష్మాంబగారు. పుట్టినది కృష్ణాతీరమైనను పెరిగినది రాయలసీమయందు, కుప్పము చిత్తూరు ప్రాంతములలో. అందుచేతనే చిత్తూరను ఊరిపేరు ఇంటిపేరును మఱపించి ఆయనకు బిరుదమువలె నిలిచినది.

ఆ కాలమున చిత్తూరు నాటకకళకు పట్టుగొమ్మ. అచ్చటి రామవిలాస సభ ప్రదర్శించు నాటకములు దక్షిణదేశమున పేరు మోసినవి. సంగీతజ్ఞానమును మధురగాత్రమును కల యువకునకు ఆ సభయే గురుకులమైనది. సారంగధర నాటకమున ఆయన చిత్రాంగి వేషమును ధరించి మెప్పు వడసిరి. కామాతురయైన సవతితల్లి పాత్ర ఎక్కడ, పరమభాగవతుల పాత్రలెక్కడ? రంగమునకు కావలసినది ఏ పాత్రయందైనను తన్ను తాను మఱచు శక్తి. ఆ శక్తి ఆయనకు మొదటనే అబ్బినది.

జీవనోపాధికై ఆయన కొంతకాలము గుమాస్తాగా పనిచేసిరి. ఆంధ్రపత్రికకు విలేఖరిగా వ్రాసిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహము దేశమును కదల్చినపుడు జాతీయోద్యమమునందు పాలుగొనిరి. గృహస్థజీవితము మాత్రము ఆయనకు సుఖమీయలేదు. యౌవనముననే పత్నీవియోగము కలిగి దుఃఖభారమున మనస్సు విరక్తి చెందినది. శాంతిని వెదకుచు తిరువణ్ణామలైకి పోయి శ్రీ రమణమహర్షుల సన్నిధిని కొంతకాలము గడపిరి. తరువాతి కాలమున ఆయన ముఖమునందు లోకము చూచిన ప్రశాంతత చిత్రశాలయందు పూసిన రంగుచేత వచ్చినది కాదు. అది ముందుగా కన్నీటిచేత కడుగబడిన ముఖము.

వాహినీ సంస్థ

1938లో హెచ్.ఎం. రెడ్డిగారి దర్శకత్వమున వెలువడిన గృహలక్ష్మి చిత్రముతో నాగయ్యగారు తెరపైకి వచ్చిరి. అప్పటికి ఆయనకు ముప్పదినాలుగేండ్లు. నాయకవేషమునకు ఆ వయస్సు ఎక్కువ యని తలచు రంగమునందు ఆయన ప్రవేశించుటయే ఆలస్యముగా జరిగినది. మఱుసటి సంవత్సరము బి.ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షమున వందేమాతరము నిర్మించిరి. అందు నాగయ్యగారు నాయకుడుగా నటించుటయే కాక సంగీతమును కూర్చిరి. పిమ్మట 1940లో సుమంగళి, 1941లో దేవత వచ్చినవి. సుమంగళియందు వితంతు వివాహమునకై పోరాడు వృద్ధసంస్కర్తగా, వయస్సుకు మించిన పాత్రను ఆయన ధరించిరి. ముప్పదియాఱేండ్లవాడు ముదుసలియై, ముదుసలితనమునందలి నిగ్రహమును కనబఱచుట చూచి ప్రజలు ఆశ్చర్యపడిరి.

నేపథ్యగానము అలవాటు కాని రోజులవి. నటుడే పాడవలెను, పాడుచునే నటింపవలెను. నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱగులుగా విభజించినది. మొదటి మూడును అభ్యాసముచేత సిద్ధించును. నాలుగవది మనస్సు ఏకాగ్రమైనప్పుడు మాత్రమే కలుగును. కన్నీరు, గగుర్పాటు, కంఠము బొంగురుపోవుట మొదలగు సాత్త్వికభావములను తెచ్చిపెట్టుకొన వీలులేదు. నాగయ్యగారి నటనయందు ప్రధానమైనది ఈ నాలుగవ తెఱగే. ఆయన చేతులు ఎక్కువగా కదలవు, స్వరము హెచ్చదు. ఐనను చూచువారి కనులు తడియగును.

పోతనామాత్యుడు

1942లో జపానువారి బాంబుల భయముచేత మదరాసు నగరము ఖాళీ యగుచుండెను. చిత్రపరిశ్రమ తల్లడిల్లినది. ఆ సంక్షోభకాలముననే వాహినీవారి భక్తపోతన చిత్రము రూపుదిద్దుకొని 1943 ఆరంభమున ప్రజల యెదుటికి వచ్చినది. కె.వి. రెడ్డిగారికి దర్శకుడుగా ఇది మొదటి చిత్రము. మాటలు పాటలు వ్రాసినవారు సముద్రాల రాఘవాచార్యులుగారు. రేపల్లె ప్రాంతముననే జన్మించిన ఈ వైష్ణవకవియు, అదే రేపల్లెలో పుట్టిన నటుడును మదరాసునందు కలిసి పోతనకథను తెలుగువారికి చెప్పుట దైవఘటన వంటిది.

బమ్మెర పోతనగారి చరిత్రయందు ప్రాణభూతమైన సంగతి ఒక్కటే. శ్రీమద్భాగవతమును రాజునకు అంకితమిచ్చి అగ్రహారములు పొందవచ్చును. పొందక నాగలి పట్టి, కావ్యమును శ్రీరామచంద్రునకు సమర్పించిరి. ఈ త్యాగమును చెప్పుట తేలిక, అభినయించుట కష్టము. త్యాగము చేయువాడు తాను త్యాగము చేయుచున్నానను గర్వమును చూపినచో పాత్ర చెడును. నాగయ్యగారి పోతన రాజానుగ్రహమును కాదనునపుడు ధిక్కారమును చూపడు, ఒకింత సిగ్గుపడినట్లు తోచును. ఇచ్చివేసిన వస్తువును మరల ఇంకొకరికి ఇచ్చుట కుదరదని చెప్పుకొను సాధువువలె ఉండును.

ఫలితము అపూర్వమైనది. యుద్ధకాలపు కరవులో బండ్లు కట్టుకొని పల్లెలనుండి పట్టణములకు వచ్చి జనులు ఆ చిత్రమును చూచిరి. నాగయ్యగారు కనబడినచోట నటుడని చూడక పోతనగారనియే భావించి నమస్కరించినవారు ఎందఱో. సామాన్య నటునకు ఇది అహంకారహేతువు. ఆయనకు ఇది ఒక ఋణముగా తోచినట్లున్నది. జనులు తనయందు చూచుచున్న మహానుభావునకు తగినట్లు తాను నడచుకొనవలెనను నియమము ఆనాటినుండి ఆయన జీవితమున కనబడుచున్నది.

త్యాగయ్య, వేమన, గోరా

1945లో స్వర్గసీమ చిత్రమున నాగయ్యగారు నాయకులు; ఓగిరాల రామచంద్రరావుగారితో కలసి దానికి సంగీతమును కూర్చిరి. అదే సంవత్సరము తమిళమున వచ్చిన మీరా చిత్రమునందు ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు మీరాబాయికాగా, ఆమె భక్తిని అర్థము చేసికొనలేని మేవాడ రాణాగా ఆయన నటించిరి. భక్తుని బాధను చూపుటయే కాదు, భక్తుని ప్రక్కన బ్రదుకువాని బాధను కూడ చూపుట ఆయనకు తెలియును.

పిమ్మట ఆయన స్వయముగా నిర్మాతయై, దర్శకుడై, సంగీతకర్తయై, పాత్రధారియై త్యాగయ్య చిత్రమును తీసిరి. అది 1946లో వెలువడినది. కాకర్ల త్యాగబ్రహ్మము 1847లో తిరువయ్యారునందు సిద్ధిపొందిరి. అనగా నూఱేండ్ల ఆరాధనకు ముంగిట ఈ చిత్రము నివాళిగా వచ్చినది. తంజావూరు ప్రభువు పంపిన కానుకలను కాదని ఉంఛవృత్తితో కుటుంబమును పోషించుకొన్న మహనీయుని పాత్ర అది. ఆ కీర్తనలను నాగయ్యగారే పాడిరి. విద్వాంసుల పాండిత్యమునకు ఆయన పాట సాటి వచ్చునా యనునది వేఱు మాట. సంగీతము తెలియనివారి యిండ్లకును ఆ కీర్తనలను తీసికొనిపోయినది ఆ కంఠమే.

1947లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వముననే యోగివేమన వచ్చినది. భోగలాలసుడైన యువకుడు మరణమును చూచి, వైరాగ్యమును పొంది, యోగియై లోకమును మేల్కొల్పుట దాని కథ. ఆత్మీయుల మరణమును చూచి విరక్తుడై తిరువణ్ణామలైకి నడచిన మనిషికి ఈ పాత్రను వెదకుకొనవలసిన పని లేదు. 1948లో తమిళ చక్రధారి చిత్రమున పాండురంగ భక్తుడైన గోరా కుంభారు పాత్రను ధరించిరి. ఇట్లు ఐదాఱేండ్ల వ్యవధిలో కవియైన భక్తుడు, గాయకుడైన భక్తుడు, యోగి, కుమ్మరియైన భక్తుడు ఆయన శరీరమునందు వసించిరి.

దానశీలము

కీర్తితోపాటు ధనమును విశేషముగా వచ్చినది. ఆనాటి దక్షిణదేశ నటులలో మిక్కిలి అధికముగా పారితోషికమును పొందినవారిలో ఆయన ఒకరు. వచ్చిన ధనము నిలువలేదు. మదరాసునందలి ఆయన గృహము సత్రమువలె ఉండెను. పనికై వచ్చిన నటులు, చదువుకొను విద్యార్థులు, ఆపదలోనున్న కుటుంబములు, ఎవ్వరో తెలియనివారు పంక్తిలో కూర్చుండిరి. అడిగినవానికి లేదనుట ఆయనకు చేతకాదు. అడిగినవాడు నిజముగా అక్కఱ కలవాడా, వంచకుడా యని విచారించుటయు చేతకాదు. ఆయన మంచితనమును దుర్వినియోగము చేసినవారు తక్కువ మంది కారు.

ఇచ్చట ధర్మశాస్త్ర దృష్టితో ఒక విషయమును విచారింపవలసియున్నది. భగవద్గీతయందు పదునేడవ అధ్యాయమున దానము మూడు విధములని చెప్పబడినది. దేశమును, కాలమును, పాత్రతను చూచి ప్రత్యుపకారమును కోరక చేయునది సాత్త్వికదానము. నాగయ్యగారు ప్రత్యుపకారమును కోరలేదు. కాని పాత్రతను చూడలేదు. శ్రీమద్భాగవతమున వామనచరిత్రయందు శుక్రాచార్యులు బలిచక్రవర్తికి చెప్పిన నీతి గృహస్థులందఱును గుర్తుంచుకొనదగినది. సంపదను ధర్మమునకు, కీర్తికి, వృద్ధికి, భోగమునకు, స్వజనమునకు అని ఐదు భాగములు చేయవలెను. తన జీవనాధారమును కూలద్రోయు దానము దానము కాదు. ఇది అసూయతో చెప్పిన మాట కాదు, లోకానుభవముతో చెప్పినది.

ఐనను బలి ఆ నీతిని వినలేదు. వినకపోవుటచేతనే ఆయన కథ పురాణమైనది. పోతనగారు ఎంతో ప్రీతితో తెనిగించిన ఘట్టములలో ఇదియొకటి. ఆ పోతన వేషమును ధరించినవాడు శుక్రనీతిని విడిచి బలిమార్గమును పట్టుట వింత కాదు. కాని రెండిటికి భేదము కలదు. బలి యెదుట చేయిచాచినవాడు సాక్షాత్తు శ్రీమహావిష్ణువు. పిదప ఆ స్వామియే సుతలమున బలికి ద్వారపాలకుడై నిలిచెను. నాగయ్యగారి యెదుట చేయిచాచినవారు మనుష్యులు. వారు పుచ్చుకొని తమ దారిని తాము పోయిరి. ద్వారమున కావలి నిలిచినవారు లేరు.

రామదాసు

1953లో నా ఇల్లు చిత్రమును నిర్మించి, దర్శకత్వమును వహించిరి. ఆర్థికముగా అది కలిసి రాలేదు. చిత్రరంగమున క్రొత్త నాయకులు వచ్చిరి. నాయకస్థానమునుండి ఆయన మెల్లగా తండ్రి వేషములకు, ఋషుల వేషములకు జరిగిరి. ఆ చిన్నపాత్రలయందును ఆయన తన ధర్మమును తగ్గింపలేదు. 1957లో పాండురంగ మాహాత్మ్యమున కుమారుని చేత నిరాదరింపబడు తండ్రిగా ఆయన నటించిరి. తల్లిదండ్రులను విస్మరించిన పుండరీకుని పశ్చాత్తాపమునకు ఆ వృద్ధుని మౌనము బలము నిచ్చినది. 1963లో వచ్చిన లవకుశ తెలుగున మొదటి సంపూర్ణ వర్ణచిత్రము. అందు ఆయన వాల్మీకిమహర్షి. సీతాదేవిని తండ్రివలె చేరదీయు ఆ ముని, తెలుగు లోగిళ్లలోని ముత్తైదువల కనులయెదుట నేటికిని నిలిచియున్నాడు.

ఈ కాలముననే ఆయన హృదయమునందు మఱొక సంకల్పము పాతుకొన్నది. పోతన, త్యాగయ్యల తరువాత రామభక్తులలో మిగిలినది భద్రాచల రామదాసు. ఆ చిత్రమును తానే నిర్మించి, తానే దర్శకత్వము వహించి, తానే ఆ పాత్రను ధరింపవలెనని పూనుకొనిరి. ధనము చాలక ఆ చిత్రము ఏండ్ల తరబడి నడచినది. ఎట్టకేలకు 1964 చివర ప్రజల యెదుటికి వచ్చినది. అప్పటికి ఆయనకు అఱువదియేండ్లు. కాలము మాఱినది; అభిరుచి మాఱినది. ఆయన వెచ్చించిన ధనము తిరిగి రాలేదు.

నేలకొండపల్లి గోపన్నగారు అక్కన్న మాదన్నల మేనల్లుడు. పాల్వంచ తాలూకా అధికారియై, ప్రజలవద్ద వసూలైన పన్నుద్రవ్యమును భద్రాద్రిరాముని కోవెలకు వెచ్చించి, గోలకొండ చెరలో పండ్రెండేండ్లు మ్రగ్గిరని జనశ్రుతి. చివరకు శ్రీరామలక్ష్మణులు మాఱువేషమున తానీషా కడకు వచ్చి ఆఱులక్షల మొహరీలను చెల్లించి భక్తుని విడిపించిరి. నాగయ్యగారు వెచ్చించినది రాజుగారి సొమ్ము కాదు. తన సొంత సొమ్ము. ఋణబాధ మాత్రము ఇద్దఱికిని సమానమే. మాఱువేషమున వచ్చి ఆ లెక్కను తీర్చువారు నాగయ్యగారి యింటికి రాలేదు.

అట్లనుట పూర్తిగా న్యాయమా యని ఆలోచించినచో వేఱొక సమాధానమును తోచును. రామదాసుగారికి శ్రీరాముడు కావలసినది ఋణము తీర్చుటకు కాదు. చెరనుండి విడివడినపుడు గోపన్నగారు విచారించినది, తనకు దర్శనమీయక స్వామి తానీషాకు దర్శనమిచ్చెనే యని. ధనము వచ్చుట రాకపోవుట భక్తుని దృష్టియందు పెద్ద విషయము కాదు. నాగయ్యగారును తన నష్టములను గూర్చి లోకమును నిందింపలేదు. తీసికొన్నవారిపై కోపమును పెంచుకొనలేదు. ఇది అభినయముచేత సాధ్యము కాదు.

తుదిదినములు

1965లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ పురస్కారము నొసగినది. లాల్ బహదూర్ శాస్త్రిగారు ప్రధానమంత్రిగా నున్న కాలమది. నేడు ఎల్.బి. నగరు ఎవరి పేరును వహించుచున్నదో ఆ శాస్త్రిగారును, దేశమునకు ఏలికయై యుండియు, కుటుంబమునకు సంపదలు కూర్పక 1966 జనవరిలో తాష్కెంటునందు కీర్తిశేషులైరి. పదవిచేతనో ప్రతిభచేతనో ధనము చేతికందుచుండగా చేయి మూయనివారు ఏ కాలమునందైనను అరుదు. అట్టివారి పేరు పేటకు పెట్టుకొనుట సులభము. నడవడి పెట్టుకొనుట కష్టము.

పురస్కారము గౌరవమును తెచ్చినది, జీవనమును తేలిక చేయలేదు. చివరి యేండ్లలో ఆయన చిన్నచిన్న పాత్రలకు, స్వల్పమైన పారితోషికములకు ఒప్పుకొనవలసివచ్చినది. ఒకప్పుడు తన పంక్తిలో భోజనము చేసినవారు పెద్దవారై కార్లలో తిరుగు కాలమున, ఆయన ఒకటి రెండు ఘట్టములకై వేషము వేసికొని కూర్చుండి, పిలుపుకై వేచియుండెడివారు. ఐనను వచ్చిన పాత్ర ఎంత చిన్నదైనను దానిని శ్రద్ధతోనే చేసిరి. 1973వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన మదరాసునందు తమ అఱువదితొమ్మిదేండ్ల వయస్సున దేహమును చాలించిరి. ఆ నగరమునందలి పానగల్ పార్కులో ఆయన శిలావిగ్రహము నిలుపబడినది. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిన చేతికి చివరకు పూలమాల దక్కినది.

గ్రహింపవలసినది

నాగయ్యగారి జీవితమునుండి గృహస్థులు గ్రహింపవలసినవి రెండు. మొదటిది దాతకు సంబంధించినది. శుక్రాచార్యుల నీతి తప్పు కాదు. భార్యాబిడ్డల పోషణమును, వార్ధక్యమునకు కావలసిన దానిని నిలుపుకొని, మిగిలిన దానిని పాత్రత నెఱిగి యిచ్చుట సామాన్యులకు ధర్మము. బలిమార్గము అందఱిది కాదు. దానిని పట్టినవానిని చూచి నమస్కరింపవలెనే కాని అనుకరింపరాదు. ఆయనను అమాయకుడని పరిహసించుట ఎంత తప్పో, ఆయన దారిద్ర్యమును గొప్ప ఆదర్శముగా ఇతరులకు బోధించుటయు అంతే తప్పు.

రెండవది పుచ్చుకొన్నవారికి సంబంధించినది. వైష్ణవసంప్రదాయమున భగవదారాధనముకంటె తదీయారాధనము, అనగా భాగవతులను పూజించి భోజనము పెట్టుట, శ్రేష్ఠమని పెద్దలు చెప్పుదురు. నాగయ్యగారి యింటి పంక్తి, ఆయన ఎఱిగియో ఎఱుగకయో, అట్టి ఆరాధనమే. కాని తెలుగువారు ఆయనయందు పోతనను, త్యాగయ్యను, రామదాసును చూచి కనులు తుడుచుకొని, చూపించినవాని వార్ధక్యమును మాత్రము చూడలేదు. చిత్రశాలయందు కన్నీరు కార్చుట సులభమైన భక్తి. దానికి ఖర్చు టిక్కెట్టు మాత్రమే. హరికథకులు, నాదస్వర విద్వాంసులు, భజనగాయకులు, నాటకములలో దేవతావేషములు వేసిన వృద్ధులు నేటికిని ఊరూర కలరు. వారి కంఠములు బాగున్నంత కాలము ఉత్సవములకు పిలుచుట, పోయినపిదప మఱచుట లోకరీతి. వారు బ్రదికియుండగనే వారింటికి పోయి, బియ్యమో వస్త్రమో మందులో ఇచ్చి రావలెను. అది దయ కాదు, ఋణము తీర్చుట.

ఒకప్పుడు కోణార్క్, వెంకటాద్రి మొదలగు చిత్రశాలలచేత ప్రసిద్ధి వడసిన దిల్‌సుఖ్‌నగరు నేడు విద్యార్థుల కోలాహలముతో, మెట్రోరైలు ధ్వనితో నిండియున్నది. అచ్చటి పిన్నలలో నాగయ్యగారి పేరు ఎఱిగినవారు కొలదిమంది. వారి యిండ్లలోని పెద్దలు శ్రీరామనవమినాడో, త్యాగరాజ ఆరాధన దినముననో ఆ పాత చిత్రములను పిన్నలచేత చూపించుట మంచిది. చూపించునపుడు పోతనకథతో పాటు, ఆ పోతనను అభినయించినవాడు పోతనవలె బ్రదుకుటకు ఎంత వెల చెల్లించెనో కూడ చెప్పవలెను. వేషమును సాయంకాలమునకు విప్పి పెట్టెలో పెట్టుట నటులకు రివాజు. ఆయన విప్పలేకపోయిరి, విప్పుటకు ఇష్టపడలేదు. అదియే ఆయన నష్టము. శ్రీరామచంద్రుని లెక్కలో అదియే ఆయన లాభము.